కప్పల దండు

పగలంతా పళ్ళు చేస్తా.
కొర్లగుంట సందులో, డెంటల్ ల్యాబులో,
మొగం తెలియని నోళ్ళ అచ్చులు ముందర పెట్టుకోని
ఎవురి నవ్వుకు ఎంత పసుపో కొలిచి
పింగాణి పంటికి రంగు కడతా.
మరీ తెల్లగా పెడితే అబద్ధమని తెలిసిపోతాది.
వక్కాకు నమిలినోడికి
వక్కాకు నమిలిన తెలుపే పెట్టాల.

రాత్రి అదే కుంచెతో
కప్పలకు కళ్ళు పెడతా.

నలభై మూడు. బొటనవేలంత ఒక్కొక్కటి.
ఈటెలోళ్ళు ఇరవై,
తామరాకు డాళ్ళోళ్ళు పద్నాలుగు,
నత్తల మీద రౌతులు ఎనిమిది,
ఒక రాణి.

ముందు నల్లరంగు, గుంతలన్నీ నిండేటట్టు.
దాని మీద పాచిరంగు.
ఆరినాక ఇంకొంచెం పల్చన, వీపు గట్ల మీద మాత్రమే.
పొట్టకింద లేత నిమ్మపండు.
చివరకు ఊపిరి బిగబట్టి కంట్లో చుక్క.
ఆ చుక్క ఒకసారి తప్పింది.
పదమూడో ఈటెవాడు
ఇప్పటికీ శత్రువును వదిలేసి
ఇంటి కప్పు చూస్తా ఉంటాడు.

మిద్దెమీద వడియాల తట్ట పక్కన ఆరబెట్టినా దండును.
మునిలక్ష్మి కట్టె పట్టుకోని కాకుల్ని తోలింది.
వడియాల కోసమా, కప్పల కోసమా,
నేను అడగలేదు.

"దండంటే ఏనుగులుండాల, రెక్కల గుర్రాలుండాల,
ఈ బెకబెకలేందిరా సామీ"
అంటాడు ఢిల్లీబాబు.
వాడిది ఇనుప రాక్షసుల దండు.
జెరాక్స్ అంగడి మూసేసి
వెండిరంగు డబ్బా ఒకటి బుస్సుమని కొట్టి
అరగంటలో యుద్ధానికి తయారు.

వాడికి చెప్పలేదు.
నాకు తొమ్మిదేండ్లప్పుడు, పుత్తూరు పక్కన మా ఊర్లో,
బావులు అడుగంటిన ఏడు
రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి
ఇల్లిల్లూ తిప్పినాము.
గడపగడపలో చెంబుడు నీళ్ళు పోసినారు దాని మీద,
తాగను దాచుకున్న నీళ్ళు.
ముందర కొన పట్టుకునింది నేనే.
పొద్దుగూకేసరికి కప్ప కదల్లేదు.
వాన నాలుగోనాడు వచ్చింది.
ఊరంతా తడిసి ఎగిరినారు.
నేనూ ఎగిరినా.

ఆదివారం, రేణిగుంట రోడ్డులో
టైర్ల అంగడి మీది గది.
పింగ్‌పాంగ్ బల్లమీద థర్మోకోల్ కొండలు.
ఏడు కాదు, మూడే; అట్ట చాలక.
దర్జీ టేపుతో అడుగులు కొలుస్తాము.
నాకు ఆరు కావాల్సిన చోట ఒకటి పడతాది,
వాడికి ఒకటి పడినా చాలే చోట ఆరు.
పదకొండు ఆటల్లో తొమ్మిది ఓడినా.
నీళ్ళుంటే కప్పల గాయం మానుతాదని పుస్తకంలో ఉండాది.
"నీళ్ళు యాడుండాయి బల్లమీద?"
వాడు అడిగేది న్యాయమే.

అందుకని స్వర్ణముఖికి పోయి
గుప్పెడు ఇసుక తెచ్చినా, ఎండింది, ఎర్రంది.
టీ వడగట్టుతో జల్లించి
నలభై మూడు పీఠాలకు జిగురుతో అతికించినా.
మీద రెండేసి చుక్కలు
ల్యాబులో మిగిలిన గాజు రెజిను.
తెల్లారేసరికి గట్టిపడింది.
ఏటి ఇసుక మీద, వేలిగోరంత,
ఆవిరికాని నీళ్ళు.

"ఇది చెల్లదు," అన్నాడు ఢిల్లీబాబు,
"కాళ్ళకింద నీళ్ళు మోసుకోని తిరిగేదేంది?"
చెల్లలేదు.
కరెంటు పోయింది, సెల్లు లైటులో ఆడినాము.
నత్తలు పోయినాయి. డాళ్ళు పోయినాయి.
ఇంటికప్పు చూసేవాడు ఒక్కడే
ఎందుకో శానాసేపు నిలబడినాడు.
ఆఖర్న రాణి మీద వాడి పాచికలు మూడు, మూడూ ఆరే.

చచ్చినోళ్ళ చెప్పుల డబ్బాలో వెయ్యబోయి
లైటుకింద ఆగినాడు.
"కిరీటం లేదే. ఈ ఆకులేంది?"
వేపమండ.
"నడుముకి ఈ గీతేంది, రంగు కారిందా?"
లేదురా. తాడు.

ఇంకేమీ అడగలేదు.
డబ్బాలో వెయ్యలేదు.
టీ గ్లాసు పక్కన, తడి వలయంలో
మెల్లగా దించినాడు.

"వచ్చే ఆదివారం," అన్నాడు టేపు చుట్టుకుంటా,
"బల్లమీద ఒక చెరువు పెడదాంలే."